పాత ఎంటీబీకి తొమ్మిది గేర్లు: పని డైరీ

మే, రెండో వారం

ముందు సైకిలు వివరాలు. 26 అంగుళాల చక్రాల మౌంటెన్ బైకు (ఎంటీబీ), ముందు మాత్రమే సస్పెన్షన్ ఉండే హార్డ్‌టెయిల్ రకం, అల్యూమినియం ఫ్రేము, వి-బ్రేకులు. ముందు మూడు పళ్ళచక్రాలు: 42, 34, 24 పళ్ళవి. వెనక ఏడు: 14 నుంచి 28 దాకా. గేరు మీట, బ్రేకు లివరు రెండూ ఒకే ముక్కగా వచ్చే రకం. స్టిక్కర్లు ఎప్పుడో ఊడిపోయాయి, కాబట్టి మోడల్ పేరు పట్టుకుని వెతకడం కుదరదు. ఏది కొన్నా వెర్నియర్‌తో కొలిచి కొనాల్సిందే. అదీ మంచికే. పెట్టె మీద పేరు చూసి కొన్న పార్టుల కన్నా కొలత చూసి కొన్నవే నా దగ్గర ఎక్కువ కాలం నిలిచాయి.

బందరు కాలువ గట్టు మీద, ఉండవల్లి వైపు కరకట్ట మీద తిరిగినంతసేపూ ఈ గేర్లతో ఇబ్బంది లేదు. కొండపల్లి కోట ఘాట్ ఎక్కేటప్పుడే తేడా తెలుస్తుంది. అతి తేలిక గేరు ముందు 24, వెనక 28. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం 0.86 చుట్టు తిరుగుతుంది. ఈ టైరు చుట్టుకొలత దాదాపు 2.05 మీటర్లు, కాబట్టి ఒక్కో చుట్టుకు 1.76 మీటర్లు ముందుకు పోతాం. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 6.3 కిలోమీటర్ల వేగం. ఘాట్ మలుపుల్లో ఆ వేగం నిలబెట్టడం నా వల్ల కాదు. వేగం తగ్గితే పెడల్ బరువెక్కుతుంది, మోకాలు పట్టేస్తుంది, దిగి నడవాల్సి వస్తుంది.

కొత్త సైకిలు కొనుక్కోవచ్చు కదా అని ఇంట్లో అడిగారు. ఫ్రేము బాగుంది, నా ఎత్తుకు సరిగ్గా సరిపోతుంది. 26 అంగుళాల టైర్లు, ట్యూబులు బెజవాడలో ఏ సైకిలు కొట్లో అడిగినా దొరుకుతాయి. ఒక్క జాగ్రత్త చాలు. పాతకాలం సైకిళ్ళ 26 × 1⅜ టైరు ఈ రిమ్ముకు పట్టదు. దాని లోపలి వ్యాసం 590 మిల్లీమీటర్లు, ఎంటీబీది 559. రెంటినీ 26 అనే పిలుస్తారు.

మే, మూడో వారం

అందరూ చెప్పే సలహా ముందు ఒక్కటే చక్రం ఉంచి, వెనక పెద్ద క్యాసెట్ (పళ్ళచక్రాల గుత్తి) వేయమని. చూడటానికి బాగుంటుంది, ముందు గేర్లు మార్చే ఎడమ చేతికి పని తప్పుతుంది. కాగితం మీద లెక్క వేసి చూశాను.

ముందు 32, వెనక 11-36 (11 నుంచి 36 పళ్ళ దాకా) పెడితే అతి తేలిక గేరు 32/36, అంటే 0.89. ఇప్పుడున్న 0.86 కన్నా బరువే! డబ్బు పోసి ఘాట్‌ను ఇంకా కష్టం చేసుకోవడం అన్నమాట. 11-42 క్యాసెట్ వేస్తే 0.76కి దిగుతుంది. మైక్రోషిఫ్ట్ కంపెనీ అడ్వెంట్ వరుసలో తొమ్మిది గేర్ల 11-42 ఉంది, చైను ఎగిరిపడకుండా క్లచ్ కూడా ఉంది. కానీ దాని మీట, డీరైలర్ (చైనును ఒక పళ్ళచక్రం నుంచి ఇంకోదానికి తోసే భాగం) ఒకదానికొకటి చేసినవి, రెండూ జతగానే కొనాలి. దానికి తోడు ముందు క్రాంక్ (పెడల్ కాడలు, ముందు పళ్ళచక్రాలు కలిసిన భాగం) కూడా మార్చాలి. ఎందుకంటే నా క్రాంక్‌కు మూడు చక్రాలూ రివెట్లతో కొట్టేసి ఉన్నాయి, ఒకటి తీసి ఇంకొకటి బిగించే వీల్లేదు. 36 పళ్ళ వరకే పనికొచ్చే డీరైలర్‌ను హ్యాంగర్ (ఫ్రేముకు డీరైలర్ బిగించే కొస) కింద ఇంకో లింకు పెట్టి సాగదీసి 42కి వాడేవాళ్ళూ ఉన్నారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. పెద్ద పళ్ళచక్రం కోసం డీరైలర్‌ను కిందికి దించితే చిన్న పళ్ళచక్రాల దగ్గర ఎడం పెరిగి గేరు పడటం మందగిస్తుంది.

ముందు మూడూ ఉంచుకుని వెనక 11-36 తొమ్మిది గేర్లు వేస్తే? 24/36 అంటే 0.67. పైన 42/11 అంటే 3.8, హైవే మీద కూడా సరిపోతుంది. ఉన్న క్రాంక్, ఉన్న ముందు డీరైలర్, ఉన్న అలవాటు. నాకు కావలసింది తేలిక గేరు, అది మూడు చక్రాల్లోనే చవగ్గా దొరుకుతోంది. మూడే ఉంటాయి.

మే, చివరి వారం

అసలు తేల్చుకోవాల్సింది వెనక హబ్బు, అంటే చక్రం మధ్యలో పుల్లలు కలిసే భాగం.

నా చక్రంలో ఉన్నది ఫ్రీవీల్. హబ్బు మీద మరలు ఉంటాయి, పళ్ళచక్రాల గుత్తి మొత్తం వచ్చి ఆ మరల మీద బిగుస్తుంది. ఫ్రీవీల్ రకంలో ఏడు దాటితే మంచి సరుకు దొరకడం కష్టం. దొరికినా ఇంకో చిక్కు ఉంది. ఆ గుత్తి హబ్బుకు బయట కూర్చుంటుంది కాబట్టి కుడివైపు బేరింగ్ బాగా లోపలికి పోతుంది, యాక్సిల్ చివర చాలా దూరం ఆధారం లేకుండా వేలాడుతుంది. గతుకుల్లో యాక్సిల్ వంగేది అక్కడే. గేర్లు ఎక్కువై గుత్తి వెడల్పయ్యే కొద్దీ అది ఇంకా పెరుగుతుంది. క్యాసెట్ రకం హబ్బులో తిరిగే యంత్రం హబ్బులోనే ఉంటుంది, బేరింగ్ దాని బయటి అంచుకు దగ్గరగా వస్తుంది. ఏడు గేర్లలోనే ఉండదలిస్తే 14-34 ఫ్రీవీల్ ఒకటి మార్చుకుంటే చాలు, 24/34 అంటే 0.71 వస్తుంది. బడ్జెట్ బిగుతుగా ఉన్నవాళ్ళకు నేను చెప్పేది అదే. నాకు మాత్రం ఈ యాక్సిల్ మీద నమ్మకం పోయింది.

ఫ్రేములో వెనక చక్రం కూర్చునే ఖాళీ కొలిచాను: 135 మిల్లీమీటర్లు. ఎంటీబీ క్యాసెట్ హబ్బులకు ఇదే మామూలు కొలత. రిమ్ముకు 36 రంధ్రాలు, కాబట్టి హబ్బు కూడా 36 రంధ్రాలదే కావాలి. ఆన్‌లైన్‌లో ఎక్కువగా 32వే కనపడ్డాయి. చివరికి 36ది షిమనో కంపెనీ హెచ్‌జీ రకం పళ్ళ బాడీతో (క్యాసెట్ ఎక్కేది దీని మీదే) దొరికింది. ఎంటీబీలో ఈ బాడీ మీద 8, 9, 10 గేర్ల క్యాసెట్లు నేరుగా కూర్చుంటాయి, ఏడు గేర్లది వేయాలంటే వెనక 4.5 మిల్లీమీటర్ల వాషరు పెట్టాలి. రేపు మనసు మారినా చక్రం మార్చక్కర్లేదన్నమాట.

జూన్, మొదటి వారం

మా బామ్మర్ది తాడేపల్లి నుంచి వచ్చాడు, చేతిలో పాత షిమనో డియోర్ డీరైలర్. "బావా, ఇది పది గేర్లది, తొమ్మిదికి పనికిరాదా ఏంటి? చవగ్గా ఇస్తా" అన్నాడు. కుదరదని చెప్పి, ఎందుకో కాగితం మీద గీసి చూపించాల్సి వచ్చింది. ఇక్కడ కూడా రాస్తున్నాను. పాత సైకిలుకు పార్టులు వెతికేవాళ్ళ డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే.

మీట ఒక్క క్లిక్కు తిప్పితే వైరును ఇంత అని లాగుతుంది. డీరైలర్ ఆ లాగుడును ఇన్ని రెట్లు అని చేసి పక్కకు జరుగుతుంది. వచ్చిన దూరం, క్యాసెట్‌లో రెండు పళ్ళచక్రాల మధ్య దూరం ఒక్కటి కావాలి. అంతే లెక్క. షిమనో తొమ్మిది గేర్ల మీట ఒక్క క్లిక్కుకు దాదాపు 2.5 మిల్లీమీటర్లు లాగుతుంది. 6 నుంచి 9 గేర్ల దాకా వాళ్ళ డీరైలర్ల నిష్పత్తి సుమారు 1.7. గుణిస్తే 4.25. తొమ్మిది గేర్ల క్యాసెట్‌లో ఎడం 4.35. సరిపోయింది. ఏడు గేర్లలో ఆ ఎడం 5 మిల్లీమీటర్లు, ఎనిమిదిలో 4.8. వాటి మీటలు ఆ మేరకు ఎక్కువ లాగుతాయి, డీరైలర్ నిష్పత్తి మాత్రం అదే. ఎంటీబీ పది గేర్ల డీరైలర్‌లో నిష్పత్తిని 1.2 దగ్గరికి మార్చేశారు. 2.5ను 1.2తో గుణిస్తే 3. కావలసిన 4.35కి చాలా తక్కువ. ఒకటో రెండో గేర్లు పడ్డట్టు అనిపిస్తాయి, తర్వాత అన్నీ గోలే. ఎంత ట్యూనింగ్ చేసినా లాభం లేదు.

పెళ్ళి సంబంధానికి ఒకే గోత్రమైతే పనికిరాదంటాం, ఇక్కడ ఒకే గోత్రమైతేనే పని జరుగుతుంది. షిమనోలో 6 నుంచి 9 దాకా ఒక గోత్రం. ఎంటీబీ పది ఇంకోటి, పదకొండు మరోటి. 2023లో వచ్చిన క్యూస్ వరుసను షిమనో వీటన్నిటికీ వేరుగానే చెబుతుంది. స్రామ్ కంపెనీది వేరే లెక్క. మీటా డీరైలరూ ఒక గోత్రానివై ఉంటే వయసు, మోడల్, బయటి మెరుపు ఏవైనా పర్లేదు.

బామ్మర్ది ఆ డీరైలర్‌ను తిరిగి జేబులో పెట్టుకుని, "అయితే పది గేర్ల మీట కూడా కొనుక్కో బావా" అన్నాడు. వాడు అమ్మే మనిషే.

నేను తీసుకున్నది షిమనో ఆలివియో ఎం3100 డీరైలర్. పెద్ద పళ్ళచక్రం 36 దాకా, మొత్తం కెపాసిటీ 45 పళ్ళు. కెపాసిటీ అంటే ముందు పెద్దదానికీ చిన్నదానికీ ఉన్న తేడా, వెనక పెద్దదానికీ చిన్నదానికీ ఉన్న తేడా, ఆ రెండూ కలిపితే వచ్చేది. నాకు 18, 25 కలిపి 43. లోపలే ఉంది.

జూన్, మూడో వారం

పాత ఫ్రీవీల్ తీయాలి. అది తీస్తే గానీ కుడివైపు పుల్లలు బయటికి రావు, పుల్లల తలలు దాని వెనకే ఉంటాయి. తొక్కిన ప్రతిసారీ ఫ్రీవీల్ ఇంకాస్త బిగుసుకునే మరలు అవి, ఇన్నేళ్ళు తొక్కాక ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. పళ్ళ రిమూవర్ పెట్టి ఇంట్లో పెద్ద స్పానర్‌తో ప్రయత్నిస్తే స్పానరే జారింది. ఆటోనగర్ తీసుకెళ్ళాను. లారీ పనులు చేసే ఒక లేత్ షాపులో బెంచ్ వైస్ ఖాళీగా ఉంది. రిమూవర్‌ను వైస్‌లో బిగించి, పైన చక్రాన్ని కూర్చోబెట్టి, టైరును రెండు చేతులా పట్టుకుని ఎడమ వైపుకు తిప్పాలి. స్పానర్‌కు లేని పట్టు 26 అంగుళాల చక్రానికి ఉంటుంది. "అన్నా, ఒక చెయ్యి వెయ్యి" అంటే లేత్ దగ్గర కుర్రాడు వచ్చాడు. టక్‌మని ఒక్క చప్పుడు, తర్వాత చేత్తోనే తిరిగి వచ్చేసింది. మరల మధ్య నల్లగా గట్టిపడ్డ గ్రీజు ఇసుకలా రాలింది. డబ్బులు ఇవ్వబోతే లారీల మధ్య దీనికేం తీసుకుంటామని నవ్వాడు. టీలు తెప్పించాను.

చక్రం అల్లే పని వన్‌టౌన్‌లో నాకు తెలిసిన మేస్త్రీ గారికి ఇచ్చాను. చిన్నప్పట్నుంచీ బాబాయ్ అనే పిలుస్తాను. పుల్లల పొడవు మాత్రం నేనే లెక్క కట్టి పట్టుకెళ్ళాను. రిమ్ము లోపలి వ్యాసం రెండు పుల్లలు ఎదురెదురుగా పెట్టి కొలిస్తే 543. హబ్బు అంచుల వ్యాసం 45, మధ్య నుంచి కుడి అంచు 20, ఎడమ అంచు 34. ఒక్కో పుల్ల ఇంకో మూడు పుల్లలను దాటే అల్లిక. కుడివైపు 260, ఎడమవైపు 262 మిల్లీమీటర్లు వచ్చింది. క్యాసెట్‌కు చోటు కోసం కుడి అంచు లోపలికి జరుగుతుంది కాబట్టి ఆ వైపు పుల్లలు పొట్టి, బిగువు ఎక్కువ.

బాబాయ్ కాగితం వైపు ఓసారి చూసి, "ఇంత లెక్కలెందుకు బాబూ, పాత పుల్ల పక్కన పెడితే తెలిసిపోదూ" అన్నాడు. పాత హబ్బు అంచులు వేరే సైజు బాబాయ్ అంటే, రెండు హబ్బులనూ పక్కపక్కన పెట్టి బొటనవేలితో తడిమి చూసి, "ఔను" అని కాగితాన్ని జేబులో పెట్టుకున్నాడు. ఆయన అల్లడం చూడటం నాకిష్టం. తొమ్మిది పుల్లలు ఒక వైపు, తొమ్మిది ఇంకో వైపు, తర్వాత హబ్బును చిన్నగా మెలిపెట్టి మిగతావి ఎదురు దిక్కున. మూడో దాటుడు దగ్గర ప్రతి పుల్లనూ వేలితో వంచి పక్కదాని కింద నుంచి దూరుస్తాడు, చూపు మాత్రం రోడ్డు మీదే. రిమ్ము బెండు తీసేటప్పుడు స్టాండుకు సుద్దముక్క ఆనించి చక్రం తిప్పుతాడు, సుద్ద తగిలిన చోట గీత పడుతుంది. బిగువు చూడ్డానికి ఒక్కో పుల్లనూ మీటి వింటాడు. కుడివైపువన్నీ ఒక శ్రుతిలో, ఎడమవైపువి కొంచెం కింద. చాలాచోట్ల చక్రం నేరుగా తిరిగితే చాలనుకుని వదిలేస్తారు. బిగువు సమానంగా లేని చక్రం నెలలోపే మళ్ళీ వంకర తిరుగుతుంది.

జూలై, మొదటి వారం

పాత చైనును స్కేలుతో కొలిచాను. కొత్త చైనులో 24 లింకులు సరిగ్గా 12 అంగుళాలు ఉండాలి. నాది 12⅛ దాటింది, ఒక్క శాతం పైగా సాగింది. అంత సాగిన చైను ముందు పళ్ళను కూడా తినేసి ఉంటుందని అనుమానం వచ్చి క్రాంక్ తుడిచి చూశాను. 34ది, నేను రోజూ వాడేది, పళ్ళు ఒక పక్కకు వాలి కొక్కేల్లా అయ్యాయి. దాని మీద కొత్త చైను వేస్తే బరువు పడ్డప్పుడల్లా జారుతుంది. రివెట్ల క్రాంక్ కాబట్టి ఆ ఒక్క చక్రం మార్చడం కుదరదు. ముందు వేసుకున్న లెక్కలో లేని ఖర్చు ఇది.

బీసెంట్ రోడ్డు దగ్గర కొట్టులో తొమ్మిది గేర్ల స్క్వేర్ టేపర్ (చదరపు ఇరుసు మీద కూర్చునే) క్రాంక్ 44/32/22 ఉంది. బాగుంది, బేరం కూడా కుదిరేది. కానీ ముందు తేడా 22, వెనక 25, మొత్తం 47. డీరైలర్ కెపాసిటీ 45. చిన్న-చిన్న గేరులో (ముందూ వెనకా చిన్న చక్రాలే) చైను కిందికి వేలాడుతుంది, లేదంటే చైను తగ్గిస్తే పొరపాటున పెద్ద-పెద్దలో పడ్డప్పుడు డీరైలర్ విరుగుతుంది. ఆ రెండూ నాకొద్దు. పైగా నా ముందు డీరైలర్ వంపు 42 పళ్ళ గుండ్రానికి చేసింది. 42/32/22 తెప్పించాను: 20, 25 కలిపి 45, సరిగ్గా అంచున. అడుగున 22/36 అంటే 0.61 వస్తుంది. ఒక చుట్టుకు 1.25 మీటర్లు, 60 చుట్లకు గంటకు 4.5 కిలోమీటర్లు. నడక వేగంలో కూర్చుని తొక్కొచ్చు. తప్పనిసరై పెట్టిన ఖర్చు కాస్తా మంచికే వచ్చింది.

క్రాంక్‌తో పాటు బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ తిరిగే ఇరుసు, బేరింగులు) కూడా మార్చాను, పాతది చేత్తో ఊపితే కదులుతోంది. ఫ్రేము గొట్టం వెడల్పు 68, కొత్త క్రాంక్‌కు కావలసిన ఇరుసు 122.5. ఇరుసు పొడవు తప్పితే ముందు చక్రాలు లోపలికో బయటికో జరిగి చైను వాలుగా నడుస్తుంది, కొన్నిసార్లు చిన్న చక్రం ఫ్రేముకే రాసుకుంటుంది. చైను ఉన్న కుడివైపు కప్పు ఎదురు మర. విప్పాలంటే గడియారం తిరిగే దిక్కునే తిప్పాలి. ఎడమవైపుది మామూలు మర.

జూలై, మూడో వారం

బిగింపు. క్యాసెట్‌ను పట్టి ఉంచే లాక్‌రింగ్ మీదే 40 న్యూటన్ మీటర్లని చెక్కి ఉంటుంది, అంతే బిగించాను. డీరైలర్ పెట్టే ముందు హ్యాంగర్ నేరుగా ఉందో లేదో చూడాలి. దానికి ప్రత్యేకమైన పనిముట్టు ఉంది, కానీ బాబాయ్ పద్ధతి వేరు. హ్యాంగర్ మర 10 మిల్లీమీటర్ల వ్యాసం, 1 మిల్లీమీటరు పిచ్. చాలా వెనక చక్రాల యాక్సిల్ మర కూడా అదే. కొట్లో ఉన్న ఇంకో చక్రం యాక్సిల్‌ను హ్యాంగర్‌లోకి బిగిస్తే రెండు చక్రాలూ పక్కపక్కన నిలబడతాయి. రిమ్ముల మధ్య ఎడం పైనా కిందా, ముందూ వెనకా ఒకటే ఉండాలి. నాది కింద లోపలికి వంగి ఉంది, ఆ చక్రాన్నే పట్టుకుని మెల్లగా సరిచేశాడు. ఏడు గేర్లకు ఆ వంపు తెలియలేదు. తొమ్మిదికి ఎడం తక్కువ, తెలిసేది.

మీటా బ్రేకు లివరూ ఒకే ముక్క అని మొదట్లో రాశాను కదా. ఏడు గేర్ల మీట తీయాలంటే బ్రేకు లివరు కూడా పోతుంది. వి-బ్రేకు లివర్ల జత విడిగా కొన్నాను. వి-బ్రేకుకు వైరు ఎక్కువ లాగే లివరే కావాలి, పాత కాంటిలివర్ బ్రేకులవి దీనికి చాలవు.

కేసింగ్ (వైరు మీద ఉండే గొట్టం) విషయం. గేరుకు కూడా బ్రేకు కేసింగే కోసి ఇచ్చే కొట్లు చాలా ఉన్నాయి. బ్రేకు కేసింగ్ 5 మిల్లీమీటర్లు, లోపల తీగ చుట్టలు చుట్టుకుని ఉంటుంది, లాగితే కొద్దిగా నలుగుతుంది. గేరు కేసింగ్ 4 మిల్లీమీటర్లు, లోపల తీగలు పొడవునా నిలువుగా ఉంటాయి, నలగదు. క్లిక్కుకు 2.5 మిల్లీమీటర్ల లెక్క నడిచే చోట ఆ నలుగుడు కూడా పెద్ద సంఖ్యే. గేర్లు ఎంత సెట్ చేసినా నిలబడట్లేదని వచ్చే సైకిళ్ళలో ముందు చూడాల్సింది ఇదే.

చైను పొడవు: వెనక చైన్‌స్టే (క్రాంక్ ఇరుసు నుంచి వెనక ఇరుసు దాకా ఉండే ఫ్రేము గొట్టం) 425 మిల్లీమీటర్లు, అంటే 16.73 అంగుళాలు. దానికి రెట్టింపు 33.46. దానికి 42లో నాలుగో వంతు 10.5, 36లో నాలుగో వంతు 9, పైన ఇంకో 1 కలిపితే దాదాపు 54 అంగుళాలు, 108 లింకులు. 116 లింకుల చైనులోంచి 8 తీసేశాను. తర్వాత డీరైలర్‌తో పని లేకుండా చైనును పెద్ద-పెద్ద మీద చుట్టి కూడా చూశాను, రెండు లింకులు మిగిలాయి. లెక్క కుదిరింది. 22-11లో చైను వేలాడకుండా నిలబడుతోంది, కానీ డీరైలర్‌లోని చిన్న జాకీ చక్రం క్యాసెట్‌కు మరీ దగ్గరగా వస్తోంది. ఆ గేరు ఎలాగూ వాడను.

పై హద్దు స్క్రూ, కింది హద్దు స్క్రూ, బి-స్క్రూ (జాకీ చక్రానికీ క్యాసెట్‌కీ ఎడం సర్దేది), తర్వాత బ్యారెల్ (వైరు బిగువు సర్దేది) పావు చుట్టు అటూ ఇటూ. క్లిక్కుకు ఒక గేరు. స్టాండు మీద బాగా పడ్డ గేరు రోడ్డు మీద బరువు పడితే ఆలస్యం చేయొచ్చు, అందుకే బ్యారెల్ చివరి సర్దుబాటు ఏలూరు రోడ్డు ట్రాఫిక్‌లో తొక్కుతూ చేశాను. హారన్లు కొట్టినవాళ్ళకు క్షమాపణలు.

ఆగస్టు

ఇబ్రహీంపట్నం మీదుగా కొండపల్లి. కోట ఘాట్ మొత్తం దిగకుండా ఎక్కాను. 22-36 అవసరం వచ్చింది నిటారు మలుపుల దగ్గరే, మిగతాదంతా 32 మీద సాగింది. మధ్య చక్రంతో వెనక తొమ్మిదీ వాడుకోవచ్చు, 22ను ఘాట్‌కు అట్టేపెట్టుకోవచ్చు. మూడు చక్రాలు పాతకాలం పద్ధతి అనేవాళ్ళతో ఇక వాదించను.

దిగేటప్పుడు 42 మీదికి మార్చబోతే ఒకసారి చైను ఎక్కలేదు. ముందు డీరైలర్ పంజరం పాత వెడల్పు చైనుకు చేసింది. తొమ్మిది గేర్ల చైను బయటి వెడల్పు 6.6 మిల్లీమీటర్లు, పాతది 7.1. ఆ సన్నం వల్ల పంజరం కొంచెం ఆలస్యంగా తోస్తోంది. పై హద్దు స్క్రూ పావు చుట్టు వదిలితే తగ్గింది.

వర్షం పడ్డాక అమరావతి వైపు నల్లరేగడిలోకి వెళ్తే మాత్రం ఏ గేరూ ఆదుకోదు. మట్టి జాకీ చక్రాల మధ్య ఉండ కట్టి డీరైలర్‌ను వెనక్కి లాగేస్తుంది. దిగి పుల్లతో గీకడమే.

ఖర్చులో పెద్ద వాటా వెనక చక్రానిదే, తర్వాత క్రాంక్, బాటమ్ బ్రాకెట్. డీరైలర్, మీటలు, క్యాసెట్ కలిపినా వాటి కన్నా తక్కువే. చైనును ఇక నుంచి నెలకోసారి స్కేలుతో కొలుస్తాను. 12 అంగుళాలు పైన 1/16కు చేరగానే మార్చేస్తే క్యాసెట్, ముందు పళ్ళు మిగులుతాయి. పాత ఏడు గేర్ల ఫ్రీవీల్ ఇంకా బాగానే తిరుగుతోంది. ఎవరికైనా కావాలంటే వన్‌టౌన్‌లో బాబాయ్ కొట్లో పెట్టాను, ఊరికే తీసుకెళ్ళొచ్చు, రిమూవర్ మాత్రం మీరే తెచ్చుకోవాలి.